ఆర్జెలియమ్మ గారికి ఆర్గన్

ఆ ఉదయం కార్నెల్ ప్రూయిట్ వేసుకున్న పథకంలో ఎవరూ చనిపోరు. ఫిబ్రవరి వచ్చింది, నల్లజాతి చరిత్ర మాసం మొదలైంది. పొద్దున వార్తలయ్యాక మెంఫిస్‌లోని తమ పేటకు చెందిన ఒక పెద్దమనిషి గురించి రేడియోలో నాలుగు మంచి మాటలు చెప్పాలి, ఆ మనిషి ఇంట్లో కాఫీ తాగుతూ విని పొంగిపోవాలి. రోజుకొకరు. మొదటి రోజు ఆర్జెలియా టిబ్స్ గారు.

ఆవిడను ఊరికే ఎంచుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ పాత రేడియో స్టేషన్‌లో ఆడవాళ్ల కార్యక్రమం నడిపారు. ఆనాటి పాటగాళ్లు, పాస్టర్ల ప్రసంగాలు, చెత్త ఎత్తే కార్మికుల సమ్మె సభలు, అన్నీ టేపుల మీద ఆవిడ మంచం కింద టోపీ పెట్టెల్లో ఉన్నాయి. టోపీలేమో ఇంట్లో కుర్చీలన్నీ ఆక్రమించాయి. యూనివర్సిటీ వాళ్లు సూట్లు వేసుకుని, పళ్ల బుట్టలు పట్టుకుని ఆ టేపుల కోసం తిరుగుతున్నారు. ఆవిడ మాత్రం ఆదివారం స్టేషన్‌కు వచ్చి, అందరూ వింటుండగా వాటిని కార్నెల్ చేతిలో పెడతానన్నారు. అన్న మాట మార్చుకోవడం కూడా ఆవిడకు బాగా తెలుసు.

"ఆ టేపులు రాకపోతే సోమవారం నుంచి నువ్వూ రానక్కర్లేదు," అంది స్టేషన్ మేనేజరు బెర్నడీన్. ఆమె నవ్వుతూనే అంది. కార్నెల్‌కు మాత్రం ఆనాటి నుంచి తిండి సహించడం లేదు.

మాటలు రాసుకున్నాడు. వెనక కాస్త గంభీరమైన సంగీతం ఉంటే బాగుంటుంది కదా అనిపించింది. సంగీతం చూసుకునే మనిషి జ్వరమని రాలేదు. కార్నెల్ తానే వెతికి, చర్చిలో వాయించే ఆర్గన్ వాయిద్యం మీద ఒక ముక్క పట్టుకున్నాడు. నెమ్మదిగా, నిండుగా, చర్చిలో కూర్చున్నట్టు ఉంది. అంత మంచి ముక్క ఎవరి కంటా పడకుండా ఎలా ఉండిపోయిందో అనుకున్నాడు.

అది ఎవరి కంటా పడకపోవడమేమిటి, ప్రతి ఉదయం మోగుతుంది. చావు కబుర్లు చదివేటప్పుడు మోగుతుంది. కార్నెల్ ఇన్నేళ్లూ రాత్రి పాటల కార్యక్రమం చేసినవాడు, ఆ వేళకు మంచి నిద్రలో ఉండేవాడు. పేట పేటంతటికీ ఆ ఆర్గన్ తెలుసు. అది వినపడగానే ఆడవాళ్లు పొయ్యి తగ్గించి పేరు కోసం చెవులు రిక్కిస్తారు. పేరు తెలిశాక ఇంకేమీ వినరు. చావింటికి పట్టుకెళ్లడానికి కోడిని బయటికి తీసి వేపుడికి మసాలా పట్టిస్తారు.

కార్నెల్ గొంతు సవరించుకుని చదివాడు. "ఆర్జెలియా టిబ్స్ గారు. ఈ పేటకు గొంతునిచ్చిన తల్లి." తర్వాత చక్కటి మాటలు చాలా ఉన్నాయి. వాటిని విన్నవాడు అతనొక్కడే.

వెంటనే ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ, ముక్కు చీదుకుంటోంది.

"ఎప్పుడు నాయనా?"

"ఆదివారం అమ్మా. మధ్యాహ్నం."

"ఇంత తొందరగానా?"

"తొందరగా కానివ్వమని ఆవిడే అన్నారమ్మా."

"పాపం, ముందే తెలిసిపోయినట్టుంది. చర్చిలోనేనా?"

"కాదమ్మా, మా స్టేషన్‌లోనే. చర్చిలో మైకు సరిగా పనిచెయ్యదు."

"మరి ఆవిణ్ణి ఎలా తెస్తారు?"

"నా కార్లోనే. వెనక సీట్లో సామానుంది. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చేస్తాను."

ఫోను పెట్టేసిన చప్పుడైంది. అభిమానులు ఎంత కదిలిపోయారో అనుకుని కార్నెల్ మురిసిపోయాడు. ఆ మురిపెం రెండో ఫోను దాకా నిలిచింది. అది అంతిమయాత్రలు జరిపించే హాస్కిన్స్ గారిది.

"ప్రూయిట్ గారూ, ముందు సీట్లో కూర్చోబెడతారటగా," అన్నారాయన, కోపాన్ని పళ్ల బిగువున పట్టి. "మా తాతల నాటి నుంచి ఈ పేటలో అందరూ పడుకునే వెళ్లారు. మా నల్లకారుకేం తక్కువైంది?"

"పడుకుని వెళ్లడమేంటండీ?"

హాస్కిన్స్ గారు చెప్పారు. ఆర్గన్ సంగతీ చెప్పారు. కార్నెల్ వెంటనే ఆర్జెలియమ్మకు ఫోను చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఇక ఆలోచించకుండా మైకు ముందుకు దూకి, "ఆర్జెలియా గారు బతికే ఉన్నారు, దయచేసి నమ్మండి, బతికే ఉన్నారు," అని మొత్తుకున్నాడు. కంగారులో ఆర్గన్ ఆపడం మరిచాడు. అది వెనక నిండుగా మోగుతూనే ఉంది.

ఫోన్లు వరసకట్టాయి. "అవును బాబూ, మన గుండెల్లో ఎప్పుడూ బతికే ఉంటారు," అని ఒకావిడ. "ఎంత బాగా చెప్పావయ్యా, మా ఆయన ఏడుపు ఆపడం లేదు," అని ఇంకొకావిడ.

బెర్నడీన్ గది తలుపు తీసి అతని వంక చూసింది. ఈసారి నవ్వలేదు.

ఆర్జెలియమ్మ ఇంటికి కారు నడుపుతుంటే కార్నెల్‌కు ఇంకో భయం పట్టుకుంది. ఆవిడ ఫోను ఎందుకు ఎత్తడం లేదు? నిజంగానే ఏమైనా అయితే? అప్పుడు తను చెప్పింది తప్పు కాదు. ఆ ఊహకు ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. పడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆవిడ బాగుంటే చాలు, టేపులు ఎవరి పాలైనా పరవాలేదని దేవుడికి చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక, వీలైతే టేపులు కూడా, అని కలిపాడు.

ఆర్జెలియమ్మ ఇంటి వరండా నిండిపోయింది. తలుపుకు తాళం. నల్ల కోట్లు, చర్చి టోపీలు, రేకు కాగితం కప్పిన గిన్నెలు. మాకరోనీ చీజ్, పొగబెట్టిన టర్కీ వేసి ఉడికించిన ఆకుకూర, కోడి వేపుళ్లు. అన్నిటికంటే ముందు మెట్టు మీద లూర్లీన్ గోయిన్స్, ఒళ్లో కేరమెల్ కేకు. ఆవిడ చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. ఆవిడ వాయిస్తే తనకు మంచి నిద్ర పడుతుందని ఆర్జెలియమ్మ ఒకప్పుడు రేడియోలో అన్నది మొదలు ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు లూర్లీన్ కళ్లు వాచి ఉన్నాయి.

"అమ్మా, నా మాట వినండి," అని కార్నెల్ మొదలుపెట్టేలోగా వాకిట్లో కారు ఆగింది. అందులోంచి ఆర్జెలియమ్మ దిగారు. ఆదివారం కోసం బ్యూటీ పార్లర్‌కు వెళ్లి జుట్టుకు వంకీలు తిప్పించుకుని వస్తున్నారు. జుట్టు ఆరబెట్టే యంత్రం కింద ఉంటే ఏ ఫోను వినపడుతుంది?

ఆవిడ ఇంటి ముందు నల్ల కోట్లను చూశారు, గిన్నెలను చూశారు. చర్చిలో చావు భోజనాలన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. అలవాటైన పని కనపడగానే చేతులు ఊరుకోలేదు.

"పక్కకు జరగండి, తాళం తియ్యనివ్వండి. ఆకుకూర పొయ్యి మీద పెట్టండి. ఈ కోడి ఎవరు తెచ్చారు, కొట్లో కొన్నదా? అది వెనక పెట్టండి, పాస్టరు గారి కంట పడనివ్వకండి. అవునూ, ఇంతకీ ఎవరు పోయారు?"

అందరూ కార్నెల్ వైపు చూశారు.

"మీరేనమ్మా," అన్నాడు.

ఆవిడ తాళం తీసి లోపలికి నడిచి, హ్యాండ్‌బ్యాగు కిందపెట్టి కుర్చీలోని టోపీ తీసి కూర్చున్నారు. అతను జరిగిందంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు, ముందు సీటు సంగతితో సహా.

"ఆర్గన్ ఎవరు వాయించారు?" అని అడిగారు ఆవిడ.

లూర్లీన్ ముందుకొచ్చారు. "నేనే. స్టేషన్ వాళ్లు ఎప్పుడో రికార్డు చేయించుకున్నారు. నీకోసమని తెలిస్తే ఇంకా బాగా వాయించేదాన్ని."

ఆర్జెలియమ్మ ఆవిడ వాచిన కళ్ల వంక చాలాసేపు చూశారు. "ఆ కేకు బల్ల మధ్యలో పెట్టు," అన్నారు చివరికి. "మొదటి ముక్క నాకు కొయ్యి." ఇన్నేళ్లకు మాట కలిసింది, అదీ అందరి ముందూ.

కార్నెల్ టేపుల మాట ఎత్తలేక, ఎత్తకుండా ఉండలేక, తన టోపీ నలుపుతూ నిలబడ్డాడు. ఆవిడ మాత్రం గదంతా కలయజూశారు.

"యూనివర్సిటీ వాళ్లు రాలేదా?"

"లేదమ్మా."

"ఒక పువ్వన్నా పంపారా?"

"వాళ్లకు తెలియదు కదమ్మా," అన్నారు హాస్కిన్స్ గారు. ఆయన నల్లకారుతో సహా వచ్చి ఉన్నారు. "వాళ్లు మన స్టేషన్ వినరు."

ఆవిడ తలాడించారు. "ఒరే కార్నెల్, మంచం కిందకు దూరు. పెట్టెలన్నీ తీసుకో. నేను పోయానంటే గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చే వాళ్ల దగ్గరే అవి ఉండాలి. అందరూ ఇక్కడే ఉన్నారు, ఆదివారం దాకా ఎందుకు? నీ మైకు తెచ్చుకో."

అతను మంచం కింద దుమ్ములో పడుకునే ఏడ్చాడు, ఎవరూ చూడలేదు కాబట్టి. సాయంత్రం దాకా టేపులు తిరిగాయి. ఒకదాంట్లో సమ్మె సభ, దాని వెనక ఎవరో చిన్నపిల్ల వాయిస్తున్న ఆర్గన్. "అది నేనే," అన్నారు లూర్లీన్. "తెలుసు," అన్నారు ఆర్జెలియమ్మ. "అప్పుడు నాకు నిద్ర రాలేదు." ఆ కబుర్లన్నీ కార్నెల్ రికార్డు చేశాడు. బెర్నడీన్ కూడా వచ్చి రెండుసార్లు మాకరోనీ వడ్డించుకుంది.

మరుసటి వారం చర్చి పెద్ద ఒకాయన నిజంగానే పోయారు. కార్నెల్ అదే ఆర్గన్ వేసి చదివాడు. పేటలో ఒక్క పొయ్యీ వెలగలేదు, నిజమో కాదో తేల్చుకోవడానికి అందరూ ముందు పోయినాయనకే ఫోను చేశారు.