వెనక వసారాలో చాప

తప్పు సాయిదుర్గది కాదు, మీది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, పక్కింటి కోడలు ఈ నెల బయట చేరిందా లేదా అని కాపలా కాసే ప్రతి ఒక్కరిదీ. ఆ టెస్టు ఎప్పుడు చేసుకోవాలని ఓ ఆడపిల్ల సిగ్గు చంపుకుని అడిగితే, సరిగ్గా ఒక్క ముక్క చెప్పకుండా కాగితంలో చుట్టిచ్చే మందుల షాపువాళ్లది. కథ విన్నాక కాదనండి చూద్దాం.

ఆ గురువారం పొద్దున సాయిదుర్గ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మవారి గుడికని చెప్పి పాలకొల్లులో బస్సెక్కాలి. పెనుగొండలో, తననెవరూ ఎరగని షాపులో, కడుపో కాదో చెప్పే టెస్టు కొనాలి. ఇంటికొచ్చి తలుపేసుకుని చూసుకోవాలి. పాలకొల్లులోనే కొంటే కుదరదు. అక్కడ మందుల షాపు బుల్లియ్య దగ్గర తలనొప్పి బిళ్ల కొన్నా, అది మింగేలోపు తలనొప్పి ఎందుకొచ్చిందో వీధంతా చెప్పుకుంటుంది.

ఇదంతా చాప వల్ల వచ్చింది. ఆ ఇంట్లో ఆడది బయట చేరితే మూడు రోజులు వెనక వసారాలో చాప మీదే ఉండాలి. వేరే కంచం, వేరే గ్లాసు. ఎవరినీ తాకకూడదు. ఆ వసారా మూడిళ్ల పెరళ్లలోకి కనపడుతుంది. భర్త మురళీకృష్ణ భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద పని, ఆదివారం తప్ప ఇంటికి రాడు. మిగతా రోజుల్లో ఆమెతో మాట్లాడే మనిషి అత్తగారు వరలక్ష్మమ్మ ఒక్కతే. చాప మీద కూర్చుంటే ఆవిడ కూడా కంచం దూరంగా పెట్టి వెళ్లిపోతుంది.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు తెల్లవారకముందే సాయిదుర్గ బయట చేరింది. ముందుగదిలో పేరంటాళ్ల నవ్వులు, గాజుల చప్పుడు. వెనక చాప మీద తనొక్కతే. ఆ ఊహకే ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. తలంటుకుని, మడి కట్టుకుని, పులిహోర కలిపి, బూరెలు వండింది. అమ్మవారు ఏమీ అనలేదు. వీధి ఊరుకుంటుందా? ఆషాఢంలో చాప పడింది, శ్రావణంలో పడలేదు, కాబట్టి విశేషమే అని తేల్చేసింది. పక్కింటి వీరమ్మ నిమ్మకాయ పచ్చడి కూడా పట్టుకొచ్చింది. కాదనాలంటే వ్రతం నాటి సంగతి బయటపెట్టాలి. ఆ పులిహోర తిన్న ఆడవాళ్లంతా మీదపడతారు. అయినా, వ్రతమై మూడు వారాలు కావస్తోంది, ఈపాటికి నిజంగానే కడుపు నిలబడిందేమో? నిలబడితే అబద్ధం తనంతట తనే నిజమైపోతుంది. ఆ ఆశతోనే బస్సెక్కింది.

"ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుంది, రెండివ్వండి. ఇది ఎప్పుడు చూసుకోవాలండీ?" అని పెనుగొండ షాపతన్ని గొంతు తగ్గించి అడిగింది.

"ఎప్పుడైనా పర్లేదమ్మా," అన్నాడతను, ఆమె వెనకున్న వాళ్లకేసి చూస్తూ.

తిరుగు బస్సులో వీరమ్మ తగిలింది.

"ఒసే పిల్లా! ఇలాంటప్పుడు ఒంటరిగా బస్సెక్కడం ఏంటే? డ్రైవరుగారూ, గోతులు చూసి పోనివ్వండి బాబూ, వట్టి మనిషి కాదు!"

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. కిటికీ పక్కన చోటిచ్చారు. డ్రైవరు భయపడి గేరు మార్చడం మానేశాడు. దిగాక వీరమ్మ ఊరుకుందా? "చలవే, తాగు," అంటూ రెండు కొబ్బరిబొండాలు తాగించింది. ఇంటికి చేరగానే అత్తగారు చెంబెడు మజ్జిగ చేతికిచ్చింది.

సాయంత్రం తలుపేసుకుని చూసుకుంటే ఒకటే గీత, అంటే కడుపు లేదని. మరి ఏం వస్తుంది? ఈ నెల తప్పిందో లేదో తెలియడానికి ఇంకా రోజులున్నాయి. పైగా ఒంట్లో ఉన్నదంతా కొబ్బరినీళ్లూ మజ్జిగా. ఆ సంగతి ఆమెకెవరు చెప్పారు? దొడ్డి గుమ్మం మీద చాలాసేపు కూర్చుంది. లేవమనడానికి ఎవరూ రాలేదు.

మర్నాడు తనే చాప దులిపి వెనక వసారాలో పరుచుకుంది. బయట చేరకుండానే చేరానంటే ఇక వీధి నోరు మూస్తుందనుకుంది. వీధి నోరు ఇంకా పెద్దదైంది.

"పోయిందట! ఆ బస్సు కుదుపులకే పోయింది!" అని వీరమ్మ నలుగురు ఆడవాళ్లని వెంటేసుకెళ్లి పెనుగొండ బస్సుకి అడ్డంగా నిలబడింది. "గోతులు చూసి పొమ్మన్నానా లేదా?"

"నన్ను ఎద్దుబండి దాటిపోయిందండీ! ఇంకెంత నెమ్మదిగా పొమ్మంటారు?" అని డ్రైవరు మొత్తుకున్నాడు.

ఆదివారం మురళీకృష్ణ మోటారు సైకిలు వెనక చెక్క ఉయ్యాల కట్టుకుని దిగాడు. వీరమ్మ బుధవారమే ఫోన్లో శుభవార్త చెప్పింది, తర్వాతిది చెప్పలేదు. చాప చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం కాదులే దుర్గా," అన్నాడు అక్కణ్ణుంచే. దగ్గరికి రాకూడదు కదా. సాయంత్రం వెళ్లిపోయాడు. ఉయ్యాల వసారా మూల ఉండిపోయింది. రాత్రికి అందులో కోడి పడుకుంది. చాప మీద సాయిదుర్గ, ఉయ్యాల్లో కోడి.

ఆ తర్వాత వారం దాటినా నిజంగా బయట చేరలేదు. నిద్ర పట్టక, తెల్లారగానే లేచి, పచ్చి మంచినీళ్లయినా తాగకుండా రెండో టెస్టు పట్టీ తీసింది. రెండు గీతలు. చూపించడానికి చుట్టూ ఎవరున్నారు? కోడి ఉంది. ఆమె వంటింట్లోకి వెళ్లి అత్తగారికి మొదటినుంచీ అంతా చెప్పేసింది, వ్రతం సంగతితో సహా. తిట్లకి సిద్ధపడి తలొంచుకుంది.

"తెలుసే," అంది వరలక్ష్మమ్మ.

"ఏం తెలుసండీ?"

"వ్రతం నాడు చీకట్లో నూతి దగ్గర చప్పుడు కాకుండా బట్టలు జాడించుకున్నావు చూడు, అప్పుడే తెలుసు."

"మరి పులిహోర తిన్నారు కదండీ!"

"మారు కూడా వడ్డించుకున్నాను. మీ కోడలు చాప మీదికి రాలేదేం అని వీరమ్మ నిలదీస్తే ఏం చెప్పమంటావ్? విశేషమే వదినగారూ అన్నాను. తర్వాత నువ్వు చాప వేసుకుంటే నిజంగానే బయట చేరావనుకుని, నేనూ ఓ మూల కూర్చుని ఏడ్చాను."

"నా కోసం అబద్ధమాడారా అత్తయ్యగారూ?"

"నీ కోసమేం కాదు. నువ్వు ఆ చాప ఎక్కితే, మూడు రోజులు నాతో మాట్లాడేదెవరే ఈ ఇంట్లో?"

ఇప్పుడైనా కాదనగలరా? ముందు ఆ చాప చుట్టి అటకెక్కించండి. టెస్టు అమ్మేవాళ్లు పెట్టె మీద పెద్ద తెలుగు అక్షరాలతో అచ్చు వేయండి: నెల తప్పేదాకా ఆగాలి, పొద్దున లేవగానే చూసుకోవాలి, ఒకటే గీత వచ్చి ఇంకా బయట చేరకపోతే కొన్నాళ్లాగి మళ్లీ చూసుకోవాలి. షాపులో అడిగిన పిల్లకి మొహంలోకి చూసి చెప్పండి. పిట్టగోడ మీంచి మోచేతులు తీయండి.

సాయిదుర్గకి నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. వీధి మాత్రం ఆ ఉత్తుత్తి చాప నుంచే లెక్కేసుకుని, తొమ్మిది నెలలు నిండకుండానే పుట్టినా ఎంత బొద్దుగా ఉందో అని ఈనాటికీ ఆశ్చర్యపోతోంది.