కింద పెట్టని కత్తి

గోరంట్ల దారిలోని మా వంకమిట్టపల్లిలో వంటింటి కత్తుల ఎంపిక, వాడకం, సంరక్షణలపై అవగాహన సదస్సు దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వాన పడని ఏడాదిలో ఊరికి ఏదో ఒక మేలు జరగాలి కదా, ఇది జరిగింది.

ఇంతటి మేలుకు మూలం సుంకమ్మ. బడిలో పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టేది ఆమే. ఆమె కత్తికి పిడి పగిలితే గుడ్డ చుట్టింది. పదును పోయినదానికి మాత్రం ఏ గుడ్డా పనికిరాలేదు. ఆ మొద్దు కత్తి గుమ్మడికాయ మీద జారి వేలు తెగితే, వేలికీ ఒక గుడ్డ చుట్టుకుని సర్పంచి నరసింహప్ప దగ్గరికి పోయింది.

"అన్నా, నాకు ఒగ మంచి కత్తి ఇప్పించు. గుమ్మడికాయ తెగితే చాలు" అనింది.

ఆ కోరికలోని అల్పత్వాన్ని నరసింహప్ప వెంటనే పసిగట్టాడు. ఒక కత్తి కొంటే అది ఖర్చు. పెట్టెడు కత్తులు కొంటే అది పథకం. సంగతి మండల నాయకుడు తిప్పేషన్న చెవిన పడింది. బడి ముందర షామియానా లేచింది. బెంగళూరు నుంచి ఆనంద్ అనే కత్తుల నిపుణుడు, ఎర్ర మఖమల్ పరిచిన అద్దాల పెట్టెతో సహా దిగాడు.

నిపుణుడు ఒక్కో కత్తినీ పైకెత్తి చూపించాడు. ఇది రొట్టె కోసేది, ఇది జున్ను కోసేది, ఇది చేపకు ముల్లు తీసేది. మా చెరువులో నీళ్లు చూసి చాలా ఏళ్లయింది కాబట్టి చేపముల్లు గురించి జనం ఎంతో శ్రద్ధగా విన్నారు. రాగిసంగటికి ఏ కత్తి వాడాలని ఒక ముసలాయన అడిగితే, దాని మీద ఇంకా పరిశోధన జరగాల్సి ఉందన్నాడు. ఇక సంరక్షణ. కోయడం అయిపోగానే కత్తిని పారే నీళ్ల కింద కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టాలట. పారే నీళ్లు అనే మాట వినగానే, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి వచ్చిన ఆడవాళ్లు ఆగకుండా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత తిప్పేషన్న మైకు అందుకున్నాడు. "మన సీమ అంటే కత్తులని బయటోళ్లు ఎగతాళి చేసినారు. ఈ పొద్దు అదే కత్తిని అన్నం పెట్టే తల్లి చేతికి ఇస్తాండాం. ఇది చరిత్రలో నిలిచిపోతాది."

చరిత్ర నిలిచిపోయింది కూడా, అక్కడే, ఆ క్షణమే. తిప్పేషన్న పెద్ద కత్తి తీసి ముందుకు చాచాడు. ఫోటో తీసేవాళ్లు సిద్ధమయ్యారు. సుంకమ్మ చెయ్యి చాపలేదు.

"కింద పెట్టన్నా, నేను తీసుకుంటా. కత్తి చేతిలోంచి చేతికి మార్చుకుంటే జగడాలొస్తాయి" అనింది.

ఉప్పూ మిరపకాయా కత్తీ చేతిలోంచి చేతికి ఇవ్వకూడదన్నది మా ఇళ్లలో అందరికీ తెలిసిందే. తిప్పేషన్నకూ తెలుసు. అయితే ఆయనకు మరొకటి కూడా తెలుసు. సర్పంచి చెవిలో గొణిగాడు: "ఏమప్పా, నేను కత్తి కింద పెట్టినట్ల ఫోటో పడితే, వీడు లొంగిపోయినాడని అవతలి పార్టీవోళ్లు ఊరూరా చూపిచ్చరా? మా నాయన కూడా ఏ పొద్దూ పెట్టలేదు."

అలా మా సంప్రదాయాలు రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇవ్వాల్సినాయన దించడు, తీసుకోవాల్సినామె అందుకోదు. బడిగంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వచ్చి వరుసగా కూర్చున్నారు. కొత్త కత్తి మీద నమ్మకంతో కొయ్యకుండా ఉంచిన గుమ్మడికాయ షామియానా పక్కనే ఉంది.

"బిడ్డలు ఆకలితో ఉండారు, తొందరగా ఏదో ఒగటి చెయ్యండన్నా" అని సుంకమ్మ బతిమాలింది.

నరసింహప్ప చేశాడు. కత్తిని తిరిగి పెట్టెలో పెట్టించి, పెట్టెనే ఆమె చేతికి ఇప్పించాడు. పెట్టె కత్తి కాదు కదా. ఫోటో పడగానే, ఇంత విలువైన వస్తువు పొయ్యి దగ్గర ఉండటం క్షేమం కాదని తీర్మానించి, హెడ్మాస్టరు గదిలో పెట్టి తాళం వేశారు. సుంకమ్మ గుమ్మడికాయను ఎత్తి బండ మీద వేసి పగలగొట్టింది. వందన సమర్పణలో నరసింహప్ప దీన్ని కత్తి అవసరం లేని వంటగా అభినందించాడు. పిల్లలు చేతికొచ్చిన ముక్కలు తిన్నారు.

కత్తులు వృథాగా ఉన్నాయని ఎవరైనా అంటే అది దుష్ప్రచారం. తిప్పేషన్న పుట్టినరోజుకు పెట్టె తెరిచి, అదే పెద్ద కత్తితో కేకు కోశారు. అది ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి చక్కగా తిరిగింది. కింద పెట్టమని ఎవరూ అడగలేదు. చివరికి క్రీము పట్టిన కత్తి సుంకమ్మకు చేరింది. సంరక్షణ ఆమె బాధ్యత. బిందెలో మిగిలిన నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మఖమల్ మీద పెట్టి ఇచ్చేసింది. ఆ తర్వాత పోయి మొద్దు కత్తితో వంకాయలు కోసింది. వేలి గుడ్డ ఇంకా తీయలేదు.

మా ఊరి సంగతికి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక మనవి. ఒకసారి లేచి మీ వంటింట్లోకి పోయి, ఉల్లిపాయలు ఏ కత్తితో తెగుతున్నాయో చూడండి. దారిలో మీ షోకేసులో, ఎవరో కానుకగా ఇచ్చిన కత్తుల పెట్టెకు దుమ్ము పట్టిందేమో కూడా చూసి రండి. పట్టి ఉండదు. ఆ ఉల్లిపాయలు కోసే ఆమే దాన్నీ తుడుస్తుంది.