పడుకోనన్న వెలుగుతో మహాయుద్ధము

వెలుగు నిలబడి వస్తుందా, పడుకుని వస్తుందా? ఈ సందేహం పెళ్ళయిన కొత్తలో నన్ను పట్టుకుంది, ఇంతవరకు వదల్లేదు. రోజూ సాయంత్రం దేవుడి ముందు దీపం వెలిగించి కళ్ళు మూసుకుంటాను. మనసు భగవంతుడి మీద నిలవాల్సింది పోయి దీపం మీదికి పోతుంది. "స్వామీ, ఈ వెలుగు నిన్ను నిలువుగా చేరుతోందా, అడ్డంగా చేరుతోందా?" అని అడుగుతాను. ఆయన చెప్పడు. మా ఆవిడ చెబుతుంది. "రెండు రకాలుగానూ వస్తుందండీ. దాన్నే ధ్రువణం అంటాం. మా పనికి పడుకున్నదే కావాలి" అని, కూరలో ఉప్పు చూసి అవతలికి పోతుంది. నేను దర్జీని. గుడ్డకు నిలువు పోగు, అడ్డ పోగు ఉంటాయని ఎరుగుదును. వెలుగుకూ ఉన్నాయంటే కాదనలేను గాని, వేళ్ళ మధ్య పట్టి చూసే వీలు లేదు కదా!

ఆ సందేహం సగం తీరిన వీరగాథ ఇది. ఇందులో కొంత కళ్ళారా చూసినది, కొంత ఆవిడ చెప్పగా విన్నది, మిగిలినది భక్తితో పూరించినది.

సకల లోక తమోహరణ దక్షుడైన భాస్కరుడు ప్రయోగశాల మూడో అంతస్తు కిటికీలను ముట్టడించి, లోపల దించిన నల్లతెరల చేత పరాభూతుడై వెనుదిరుగుతున్న వేళ. వరండాలో తుడిచిన తడి ఇంకా ఆరని వేళ. మూలనున్న మంచినీళ్ళ యంత్రము గుడగుడమని తొలి శంఖము పూరించిన వేళ. తల మీద కాగితపు టోపీ, కాళ్ళకు నీలిరంగు సంచులు ధరించి, చేత టిఫిన్ డబ్బాతో నేను ఆ రణరంగమున ప్రవేశించితిని. ఆవిడ పొద్దున ఏమీ తినకుండా వచ్చేసింది మరి.

"అక్కడ స్టూలు మీద కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి. ఊపిరి కూడా కొంచెం మెల్లగా" అంది మా ఆవిడ తల తిప్పకుండా.

ఏమి ఆ యుద్ధభూమి! గాలి మెత్తల మీద తేలుతూ, పక్కన ఏనుగు తుమ్మినా చలించని ఉక్కు బల్ల. దాని నడుమ వేలిగోరంత చిప్పు. ఆ చిప్పు మీద వెంట్రుక కన్నా సన్నని దారి. ఆ దారి కొంతదూరం సాగి రెండుగా చీలి, ఎడమ గుమ్మం, కుడి గుమ్మం అని రెండు గుమ్మాలై ముగుస్తుంది. గాజుతీగ గుండా వచ్చిన వెలుగు ఆ దారిలో దూరి ఎడమ గుమ్మాన బయటికి రావాలి. మీట నొక్కితే కుడి గుమ్మానికి మారాలి. వదిలితే మళ్ళీ ఎడమకు. అంతే. రెండు గుమ్మాల మధ్య దూరం ఒకటి రెండు వెంట్రుకల మందం. అయితే పడుకున్న వెలుగే మీట మాట వింటుంది. నిలబడిన వెలుగు, పిలవని పెళ్ళికి వచ్చిన చుట్టంలా, ఎవరి మాటా వినక రెండు గుమ్మాల్లోనూ దూరుతుంది.

అట్టి దుర్వినీత తేజమును పడుకోబెట్టు ఆయుధమే త్రికర్ణ యంత్రము. వరుసగా మూడు నల్లని చెవులు. వాటి చుట్టూ గాజుతీగ. ఆ చెవులు మెలిపెడితే వెలుగు దారికొస్తుంది. చెవి మెలిపెడితే దారికి రానివాళ్ళు లోకంలో తక్కువే.

కాని ఆ ఉదయం వెలుగు దారికి రాలేదు.

పది గంటలకు పరీక్షాధికారులు వస్తారు. వాళ్ళ ఎదుట వెలుగు గుమ్మం మారకపోతే బల్ల పక్కగదికి, మా ఆవిడ ఫైళ్ళ గదికి. ఆ బల్ల మీద వంగి వంగే ఆవిడ జుట్టు నెరిసింది. ఫైళ్ళ గదిలో కుర్చీ ఉంది, కిటికీ ఉంది, ఫ్యాను కూడా ఉంది. అయినా ఆ మాట ఎత్తితే ఆవిడ కంట నీళ్ళు తిరుగుతాయి.

"ఎంత?" అంది మా ఆవిడ, మూడో చెవి మెలిపెడుతూ.

"ఎడమ తొంభై, కుడి పది" అంది మీటరమ్మ. ఆవిడ మా ఆవిడకు సహాధ్యాయిని, సహోద్యోగిని, మీటరు వీక్షణ ధురంధర. నన్ను అన్నయ్య అంటుంది, మా ఆవిడను వదిన అంటుంది.

"ఇప్పుడు?"

"ఎడమ అరవై."

"అదేంటే! ఇటు తిప్పితే పెరగాలి కదా!"

"నామీద అరుస్తావేం వదినా? మీటరు చెప్పిందే నేను చెప్తున్నా. ఇప్పుడు నలభై. నువ్వు చెయ్యి తీసేశాక కూడా పడిపోతోంది, చూడు."

అంతట కోపారుణిత నేత్రయై, రబ్బరు తొడుగుల చేతులు నడుమున ఉంచి, నా కులకాంత ఇట్లు గర్జించెను: "ఓయి గర్వాంధ తేజమా! ఎందరు రాజాధిరాజులు నీ ముందు తలవంచినను, ఈ త్రికర్ణ యంత్రధారిణి ముందు నీవు శయనింపక తప్పదు!"

ఇది కావ్యభాష. ఆవిడ నిజంగా అన్నది: "పడుకోవే తల్లీ, ఒక్క పది నిమిషాలు పడుకో. నీకు పుణ్యముంటుంది."

ఆ సమయమున తలుపు తోసుకుని ప్రవేశించెను పక్కగది పెద్దాయన: విశాలోదరుడు, టేపుధారి, పరబల్లాపహరణోత్సాహి. సంస్కృతాన్నీ తెలుగునూ ఇలా అతికించకూడదని మా బడిలో మాస్టారు చెవి పిండేవారు గాని, ఆయన ఉత్సాహానికి ఇంతకన్నా చిన్నమాట సరిపోదు. వస్తూనే బల్ల పొడవు కొలిచాడు. వెడల్పు కొలిచాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"అమ్మాయీ, నా అలెన్ కీ."

"ఇప్పుడా సార్?"

"ఎప్పుడడిగినా ఇదే మాట. మొదట రిపోర్టు అయ్యాక ఇస్తానన్నావు. తర్వాత పాప పుట్టాక అన్నావు. ఆ పాప ఇప్పుడు కాలేజీకి పోతోంది."

నిజమే. ఒక మరను బిగించాలని ఎన్నడో అడిగి తెచ్చిన ఆ వంకర ఇనుప ముక్క, మరను బిగించాక బల్ల మీదే ఉండిపోయి, క్రమంగా బల్లలో భాగమైపోయింది. ముందురోజు సాయంత్రం కొత్త చిప్పు పెట్టి, గాజుతీగను తిరిగి పరిచారు. తీగ ఎగిరెగిరి లేస్తోంది. టేపు అంటిస్తే ఆ జిగురు చిప్పుకు చేటు. అందుకని మీటరమ్మ తీగను ఆ కీ కిందికి దోపి, "ఇప్పుడు లే చూద్దాం" అంది.

"ఇంత తొందర దేనికి సార్?" అంది మా ఆవిడ.

"ఈ బల్ల కాళ్ళ బోల్టులు విప్పాలి కదమ్మా. ఆ సైజు కీ ఈ అంతస్తులో అదొక్కటే."



"మన వేలితో మన కన్నే పొడిపించుకోవడమంటే ఇదే వదినా!" అంది మీటరమ్మ.

"దాని కింద తీగ ఉంది సార్. తీస్తే లేస్తుంది. పని పాడైపోతుంది."

"ఇంకా పాడవడానికి ఏం మిగిలిందమ్మా అందులో?"

ఆ వాగ్బాణము సూటిగా తగిలింది. మా ఆవిడ నావైపు చూసింది.

"నన్ను చూస్తావేం?" అన్నాను.

"ఏమైనా అనండి."

"ఏమంటాను... అది ఆయనదే కదా."

"మీరు నా వైపా, ఆయన వైపా?"

"నేను దేవుడి వైపు."

"దేవుడి వైపు వాళ్ళు స్టూలు దిగకండి" అని అటు తిరిగింది.

అయినా చాలాసేపు ఆ కీ వంకే చూసింది. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఇవ్వనని అంటే ఆయన చేయగలిగింది ఏమీ లేదు. బోల్టులు విప్పడం రేపటికి పడుతుంది, అంతే. ఒక రోజు బల్ల దక్కుతుంది. ఇస్తే ఉన్న తీగా లేస్తుంది. నేను మనసులో దేవుణ్ణి తలుచుకున్నాను గాని, ఏమని అడగాలో తోచలేదు.

"పోనీలే" అంది మా ఆవిడ. "ఆయన కీ దాచుకుంటే ఈ బల్ల నాదవుతుందా?"

అని ఎడమచేత్తో ఆ కీని ఎత్తింది.

"వదినా!" మీటరమ్మ కేక. "కదలకు!"

"ఏమైందే?"

"ఎడమ తొంభై తొమ్మిది. కుడి సున్నా. అలాగే నిలబడింది. ఊగట్లేదు. చెయ్యి దించకు! ఆ చెయ్యి అక్కడే ఉండనీ! సార్, మీరు కూడా!"

"నేనెందుకు?" అన్నాడు పెద్దాయన, చాచిన అరచేయి చాచినట్టే ఉంచి.

"ఏది కదిలితే ఏమవుతుందో నాకు తెలీదు సార్. అందుకని ఎవరూ కదలొద్దు."

అసలు సంగతి సాయంత్రానికి గాని ఎవరికీ అర్థం కాలేదు. కీ వంపు మూడో చెవి పీటకు ఆనుకుని ఉంది. మా ఆవిడ చెవి తిప్పినప్పుడల్లా కీ దొర్లి తీగను నొక్కేది. గాజుతీగను నొక్కితే, పడుకోబోయే వెలుగు ఉలిక్కిపడి లేచి కూర్చుంటుందట. ఒక చేత్తో జోకొడుతూ, అరువు తెచ్చిన ఇనుముతో గిల్లినట్టన్న మాట. అప్పటికి మాకు ఇదేమీ తెలియదు.

అంతలో పరీక్షాధికారులు ముగ్గురూ లోపలికి వచ్చారు. వారి కనుల ఎదుట ఆ దృశ్యము: వజ్రాయుధమును ఎత్తిన ఇంద్రునివలె వామహస్తమున అలెన్ కీ ఎత్తి నిలిచిన వీరనారి, ఎదుట భిక్షార్థివలె చేయి చాచిన విశాలోదరుడు, మూల స్టూలుపై టిఫిన్ డబ్బా గుండెకు హత్తుకుని ఊపిరి బిగించిన దర్జీ.

"ఆవిడ చెయ్యెందుకు ఎత్తారు?" అన్నాడు అందరిలో పెద్దవాడైన కళ్ళద్దాలాయన.

"పద్ధతి సార్" అంది మీటరమ్మ.

"మరి ఆయన?"

"ఆయన కూడా పద్ధతిలో భాగమే సార్."

పెద్దాయన ఏదో అనబోయి, ఆ ముగ్గురిలో తన పై అధికారి ఉండడం చూసి, నోరు మూసుకున్నాడు.

"సరే, నొక్కండి."

మా ఆవిడ కుడిచేతి చూపుడువేలు మీట వైపు సాగింది. సముద్రాలు నిలిచిపోయాయో లేదో చూడలేదు గాని, మంచినీళ్ళ యంత్రం మాత్రం నిశ్శబ్దమైంది. మీట నొక్కింది.

"ఎడమ సున్నా! కుడి తొంభై తొమ్మిది!" అంది మీటరమ్మ.

వదిలింది. ఎడమ. నొక్కింది. కుడి. కళ్ళద్దాలాయన తానే వచ్చి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చిన్నపిల్లాడిలా నవ్వుతూ ఇంకోసారి నొక్కాడు. నొక్కినప్పుడల్లా ఆ వెలుగు, సముద్రలంఘనానికి తీసిపోని పరాక్రమంతో, రెండు వెంట్రుకల దూరం దాటింది.

నాకేమీ కనబడలేదు. ఆ వెలుగు అసలు మనుషుల కంటికి ఆనేది కాదట. ఉందని నమ్మాలి, అంతే. ఆ విషయంలో నాకు అలవాటుంది.

"బల్ల ఇక్కడే ఉంటుంది" అన్నాడు కళ్ళద్దాలాయన కాగితం మీద టిక్కు పెడుతూ. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ చెయ్యెత్తే పద్ధతి కూడా వివరంగా రాసి పంపండి. మిగతా గదుల్లోనూ పెట్టిద్దాం."

తలుపు మూసుకుంది. ఎవరూ కదల్లేదు.

"ఇక దించొచ్చా?" అంది మా ఆవిడ.

"దించు వదినా. మెల్లగా."

"నాకు చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నాడు పెద్దాయన దీనంగా. "ఇప్పుడు అది నాకెందుకమ్మాయ్? విప్పడానికి బల్లే లేదు."

"మీది మీకు సార్. చాలాకాలం ఉంచేసుకున్నాను. ఏమీ అనుకోకండి."

శత్రుసేనాపతి కరతలము చాచియే ఉండగా, నెరిసిన జుట్టుపై కాగితపు టోపీ కిరీటమై మెరయగా, మెలిపెట్టిన మూడు చెవులూ సాక్షులై వినగా, ఆ వీరనారి వజ్రాయుధమును దించి, రెండు చేతులా ఆయన అరచేతిలో పెట్టినది. ఆయన దాన్ని చొక్కాకు తుడిచి, వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.