ఏటి సమస్య

ప్రజల కష్టాలను ప్రజలతో కలిసి విశ్లేషించకపోతే అవి కష్టాలే కావని తొంభై ఎనిమిదో సంవత్సరంలో పైవాళ్లకి తెలిసొచ్చింది. అంతవరకూ జనం ఊరికే బాధపడ్డారు. (అదంతా లెక్కలోకి రాదు.)

నాతవరం అవతల కొండలమ్మ ఉండే ఊళ్లో చేతిపంపు పాడైపోయింది. బిందె పట్టుకుని పక్కూరికి నడుస్తోంది ఆవిడ. పంపు బాగుచేసే మనిషి కావాలి, అంతే. వచ్చింది మాత్రం నర్సీపట్నం నుంచి జీపులో భాగస్వామ్య విశ్లేషణాధికారి మన్మథరావు. ఊళ్లో అందరినీ బడి వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టాడు. అలా కూర్చుంటే అందరూ సమానమట. (కుర్చీ ఒక్కటే ఉంది. దాంట్లో ఆయన కూర్చున్నాడు.)

"మొన్న సర్వేలో మీ ప్రధాన సమస్య ఏమిటని ఇంటింటా అడిగాం. ఊరంతా ఒకటే మాట చెప్పింది!" అంటూ చార్టు విప్పాడు. ఎర్రగా 'ఏటి' అని రాసి ఉంది. పక్కన నీలంగా ఏరు బొమ్మ.

కొండలమ్మకి ఒళ్లు మండింది. "బాబూ, సర్వేకొచ్చిన ఆ పిల్ల గొణుగుతా అడిగితే వినబడక 'ఏటీ?' అన్నాం. మా ఊళ్లో ఏరే నేదు."

"ఏరు లేకపోవడం కూడానా?" ఆయన రాసుకున్నాడు.

"మాకు కావలసింది బోరింగు బాబూ! బోరు కొడితే సుక్క రాట్లేదు!"

"బోరు కొడుతోందా? అయితే ఆట ఆడదాం."

తలా ఓ చింతపిక్క పంచారు. నేలమీద రెండు గుండ్రాలు గీశారు. ఒకటి ఏటికి గట్టు, రెండోది ఏటిమీద వంతెన. ఏది కావాలంటే దాంట్లో పిక్క వేయాలి.

"మరి పంపుకో?" అంది కొండలమ్మ.

"సమాచారం మార్చకూడదమ్మా, అది మీరిచ్చిందే. విశ్లేషణ మాత్రం పూర్తిగా మీ ఇష్టం."

"వదినా, వంతెనకేసీ," అన్నాడు పక్కింటి సింగన్న. "బిందె మోసుకొచ్చినప్పుడు కింద నీడైనా ఉంటాది."

"నీ మొకం, నోర్ముయ్!" అని కొండలమ్మ పిక్కని గుండ్రాల బయటికి విసిరింది. మన్మథరావు దాన్ని ఏరి, తుడిచి, ఎంతో మర్యాదగా వంతెనలో పెట్టాడు. ఎవరి గొంతూ వృథా కాకూడదని నిబంధన.

మరుసటి వేసవికి వంతెన లేచింది. చెరుకు తోటలో ఎక్కి చెరుకు తోటలోనే దిగుతుంది. ప్రారంభోత్సవానికి వచ్చిన మన్మథరావు, ఖాళీ బిందెతో వెళ్తున్న కొండలమ్మని ఆపి, మైకులో అడిగాడు, ఇప్పుడు సంతృప్తేనా అని.

మైకు గీమంది. ఆవిడకి వినబడలేదు.

"ఏటి?" అంది.

రెండో వంతెన మంజూరైంది.