ఇయే ఎవరి సొత్తు?

"పొరుగు భాష మన నోట్లోంచి ఎత్తుకుపోయిన ప్రతి మాటనూ తక్షణం తిరిగి అప్పగించవలెను!"

ఈ ప్రకటనతో నైజీరియాలో బెనిన్ నగరంలోని మా వాడలో, మా ఎడో భాష కోసం, ఎడో మాటల రక్షణ సంఘం పుట్టింది. అధ్యక్షుడు చీఫ్ ఎహిగియాటర్. మేం రాజును 'ఒబా' అంటే అది మా మాట. పొరుగు భాష యోరుబావాళ్ళు ఒబా అంటే? అదీ మా మాటే, వాళ్ళు దొంగలు! ఇంత సులువైన శాస్త్రం వాడలో నా ఒక్కడికే బుర్రకెక్కలేదు.

నా భార్య మోరెనికె ఎకిటి వైపు యోరుబా మనిషి. పోయింది. మా పద్ధతి ప్రకారం ఇంటి ఆవరణలోనే పాతిపెట్టాను. రాతి మీద 'ఇయే' అని చెక్కించాను. పిల్లలు ఆమెను అలాగే పిలిచేవారు. ఎడోలో అమ్మ అంటే ఇయే. ఆమె ఊరి యోరుబాలోనూ ఇయేనే. కూరలో ఉప్పు దగ్గర్నుంచి అన్నిటికీ పోట్లాడుకున్నాం గాని, ఆ మాట దగ్గర మాకెన్నడూ తగువు రాలేదు.

రాయి నిలబెట్టే రోజు సంఘం దిగింది.

"ఆపు! ఇది యోరుబా మాట," అన్నాడు చీఫ్.

"మీ వదినగారి సమాధి మీదా ఇదే ఉందిగా, చీఫ్ గారూ?"

"ఆవిడ ఎడో మనిషి. కాబట్టి అది ఎడో మాట. నీ పెళ్ళాం మీద పెడితే యోరుబా అయిపోతుంది. దొంగసరుకు పాతనివ్వం!"

బావమరిది అడెలుయి ఎకిటి నుంచి వచ్చాడు. వాడైనా నా వైపు మాట్లాడతాడనుకున్నాను.

"బావా, అక్కను పరాయి మాట కింద పడుకోబెడతావా? అది ఎడో మాట! మా ఊళ్ళోనూ సంఘం పెట్టాం. నేనే కార్యదర్శిని."

"మరి మీ అమ్మను ఏమని పిలుస్తావురా?"

"ఇంట్లో పిలుపు వేరు, సిద్ధాంతం వేరు, బావా."

రాయిని గోడకు ఆనించాను. కోళ్ళు ఎక్కి కూర్చున్నాయి. వాటికింకా సంఘం లేదు. వానకి సమాధి మట్టి కుంగిపోతోంది.

చీఫ్‌కు జాలి కలిగింది. "'మమ్మీ' అని చెక్కించవోయ్. దాని మీద ఎవరికీ తగాదా లేదు."

మోరెనికెకు ఇంగ్లీషు ముక్క రాదు.

అంతలో చీఫ్ తల్లి పోయింది. గేటు మీద గోడంత బ్యానరు: 'మా మమ్మీ పరమపదించారు'. మా ఆచారం ప్రకారం చుట్టాలంతా ఒకే రకం గుడ్డ కట్టారు. పెట్టె గుంటలోకి దిగింది. చీఫ్ టోపీ విసిరేసి బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు.

"ఇయే! ఇయే!"

నేను దగ్గరికెళ్ళాను. జాలి పడలేదు.

"చీఫ్ గారూ, ఏ భాషలో ఏడ్చారు? సంఘం దాఖలు చేసుకోవద్దూ?"

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మేకను కోసుకు తిని తీర్మానించింది: "ఏడుపులో వచ్చిన మాట ఏ భాషకూ చెందదు. చెక్కిన మాట మాత్రం చెందును."

మర్నాడే రాయి నిలబెట్టాను. సంఘంవాళ్ళు పరుగున వచ్చారు.

"నీ మొండితనం మండ! తీర్మానం వినలేదూ? చెక్కితే చెందుతుందన్నాం గదా!"

"విన్నాను. ఇది చెక్కడం కాదు. రాయి ఏడుస్తోంది."