గెడ్డని వంచిన మౌసు

దేవుడు ఈ భూమిని తొందరలో చేశాడు. కొండల్ని అడ్డదిడ్డంగా పడేశాడు, గెడ్డల్ని, అంటే వాగుల్ని, ఎటు పల్లముంటే అటు వదిలేశాడు. ముందుముందు రియల్ ఎస్టేటు అనేదొకటి వస్తుందన్న ఆలోచన పాపం ఆయనకి లేకపోయింది. ఆ లోటు పూడ్చడానికి అవతరించిందే కోరల్‌డ్రా!

బొమ్మలు గీసే ఈ సాఫ్ట్‌వేరు మీద కొందరు పెద్దమనుషులు కారాలూ మిరియాలూ నూరుతున్నారు. బ్రోచర్లో కనిపించిన పార్కు నేలమీద కనిపించడం లేదట. అయ్యా, బొమ్మలో ఉన్నది నేలమీద లేకపోతే అది బొమ్మ తప్పా, నేల తప్పా? నిదానంగా ఆలోచించండి. ఈలోగా శృంగవరపుకోటలో డిజైనింగ్ షాపు నడుపుకునే అనూరాధ సంగతి చెబుతాను.

అనూరాధ చెయ్యి తిరిగిన మనిషి. ‘వెల్డ్’ నొక్కి రెండు బొమ్మల్ని అతుకు కనపడకుండా ఒకటి చేస్తుంది. ‘ట్రిమ్’ నొక్కితే ఒక బొమ్మ రెండోదాన్ని కొరికి తినేస్తుంది. ఇక గీతలు వంచడం చూడాలి. గీత మీద నాలుగు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కనీ మౌసుతో పట్టి లాగిందంటే, కర్రలాంటి గీత కాస్తా వాలుజడలా మెలి తిరుగుతుంది. ఇంజనీర్లు చదివి చదివి నేర్చుకోలేని విద్య ఇది.

నోట్ల రద్దుకి ముందు ఏడాది, నగరేశ్వరరావనే తవుడు వ్యాపారి ఆమె షాపుకొచ్చాడు. ఆయన కొత్తగా లేఅవుటు వేశాడు. అదీ అనూరాధ పుట్టిన ఊళ్లోనే. అంతా బాగుంది గానీ, ప్లాట్ల మధ్యలోంచి గెడ్డ పారుతోంది. కొనేవాళ్లు బ్రోచరు మ్యాపులో దాన్ని చూసి జడుసుకుంటున్నారని, కాస్త పక్కకి జరిపి పుణ్యం కట్టుకోమని బతిమాలాడు.

అదెంత పని? అనూరాధ ముందు కొండని ట్రిమ్ చేసింది. మట్టిరోడ్డుని తీసుకెళ్లి హైవేకి వెల్డ్ చేసింది. రెండు గుండ్రాలు ఒకదానిమీదొకటి పెట్టి, మధ్యలో కలిసిన ముక్కని మాత్రం ఉంచి, నీలంరంగు పోసింది. అదే ఈతకొలను. గెడ్డ పారే చోటే వచ్చింది.

మరి గెడ్డని ఎక్కడికి పంపాలి? మ్యాపులో మూడే మూడు తెల్లచోట్లు మిగిలాయి. ఒకటి అనూరాధ తల్లి తవిటమ్మ అరెకరం. దాని పక్కది గంగులు అనే రైతు పొలం చెక్క. మ్యాపు చివర్న మండలాఫీసు. అమ్మకి ఎలాగూ నీళ్లకి కరువేనని నవ్వుకుంటూ, చుక్కలు పట్టి లాగి, గెడ్డని తల్లి పొలంలోకి వంచేసింది. కన్నతల్లికి కంప్యూటర్లోనైనా నీళ్లిచ్చిన కూతుళ్లు ఎందరున్నారు చెప్పండి?

ఆ మండలాఫీసు పేరు అడక్కండి, చెప్పడం మర్యాద కాదు. అక్కడి సర్వేయరు జగన్నాధం చెడ్డవాడేం కాదు. గెడ్డల వివరాలు మూడు రోజుల్లో పంపమని పైనుంచి తాఖీదొచ్చింది. బీరువాలో ఉన్న గుడ్డ మ్యాపు తెరిచి చూస్తే, సరిగ్గా గెడ్డ ఉన్న మడత దగ్గరే చిరిగిపోయి ఉంది. అప్పుడాయన కళ్లకి, పర్మిషన్ కాగితాలతో వచ్చిన నగరేశ్వరరావు బ్రోచరు కనిపించింది. నాలుగు రంగులు! కింద స్కేలు! మూలన ఉత్తరదిక్కు చూపించే బాణం! ఆ బాణం అనూరాధ అక్కడ బోసిగా ఉందని అందానికి పెట్టింది. స్కేలు ఇంకో బ్రోచర్లోంచి తెచ్చి అతికించింది. జగన్నాధానికి ఇవన్నీ ఎందుకు? బ్రోచరు చూసి రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపేశాడు.

నెల తిరగకుండా తవిటమ్మకి నోటీసొచ్చింది. నలభై రెండడుగుల వెడల్పున్న గెడ్డని కప్పేసి జీడిచెట్లు పెంచుతున్నారనీ, పదిహేను రోజుల్లో చెట్లు తీసెయ్యకపోతే పొక్లెయిన్ పెట్టి తవ్విస్తామనీ దాని సారాంశం. నలభై రెండడుగులు ఎలా వచ్చాయంటారా? నీలం గీత సన్నగా ఉంటే కళ లేదని అనూరాధే దాన్ని లావు చేసింది.

నోటీసుని తల్లికి అనూరాధే చదివి వినిపించింది. మొగుడు పోయాక తవిటమ్మ ఒంటిచేత్తో పెంచిన చెట్లవి. కూడూ గుడ్డా అన్నీ ఆ అరెకరమే. ముసలావిడ అంతా విని, కూతురి మొహంలోకి చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

“గెడ్డ నా పొలంలోనే ఉంటే, పదేళ్లు బిందెలతో నీళ్లెందుకు మోసేనే?”

మర్నాడే లాప్‌టాప్ చంకన పెట్టుకుని అనూరాధ మండలాఫీసుకి పరిగెత్తింది. తప్పు తనదేనని ఒప్పుకుంది. జగన్నాధం కళ్లెదుటే చుక్కలు లాగి, గెడ్డని దాని పాత దారిలో పెట్టి చూపించింది. అది నిజంగా పారుతున్న చోటికి ఒక్కసారి వచ్చి చూడమని చేతులు జోడించింది. ఆయన చాలా ఓపిగ్గా విన్నాడు.

“అదెక్కడ పారతన్నాదో నాకక్కర్లేదమ్మా,” అన్నాడు. “నువ్వు సూపించిన కాడ ఈతకొలనుంది. ప్లానుకి పర్మిషనొచ్చేసింది. గెడ్డకి ఇంకేదైనా ఖాళీ సూసి కొత్త మ్యాపు అట్టుకురా. సంతకం ఎడతాను.”

ఎంత న్యాయమైన మాట! నిజం గెడ్డకి ఈతకొలను అడ్డొచ్చింది. అదింకా తవ్వలేదన్నది వేరే విషయం.

అనూరాధ ఇంటికొచ్చి మ్యాపు తెరిచింది. పక్కనే గంగులు చెక్క తెల్లగా ఉంది. తనవాళ్ల మీదకి వస్తే మనిషికి పక్కవాడి పొలం ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. చుక్కలు నాలుగూ అటు లాగేసింది కూడా. వెనక నించుని చూస్తున్న తవిటమ్మ, అది ఎవరిదని అడిగింది. చెప్పక తప్పలేదు.

“మన నెత్తిమీద బండ ఆడి నెత్తినెట్టకు,” అంది తవిటమ్మ. “తియ్యి.”

అనూరాధకి సిగ్గేసింది. తీసేసింది. ఇక మిగిలిన తెల్లచోటు ఒక్కటే. మ్యాపు చివరిది. మౌసు పట్టుకుని, తన జన్మలో ఎన్నడూ తిప్పనంత సొగసుగా ఆ గీతని అటు తిప్పింది. స్కేలు పెట్టింది. బాణం ఈసారి ఇంకాస్త పెద్దది పెట్టింది.

జగన్నాధం కొత్త మ్యాపుని పరీక్షగా చూశాడు. స్కేలుంది, బాణముంది, ఈతకొలను భద్రంగా ఉంది, తవిటమ్మ పొలంలో నీలం చుక్కయినా లేదు. బొమ్మ ముచ్చటగా వచ్చిందని మెచ్చుకుని, సంతకం పెట్టి పైకి పంపాడు. తవిటమ్మ మీద నోటీసు రద్దయింది.

ఇరవై రోజులకి ఇంకో నోటీసొచ్చింది. ఈసారి మండలాఫీసుకి. నలభై రెండడుగుల గెడ్డలో అక్రమంగా కట్టిన భవనాన్ని పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలట! మ్యాపు ప్రకారం గెడ్డ గేటులోంచి వచ్చి, రికార్డుల బీరువాని ఒరుసుకుంటూ, జగన్నాధం కుర్చీ కిందనుంచి వెనక గోడ దాటుతోంది. ఆయన లబోదిబోమంటూ పైవాళ్లకి ఫోన్ చేశాడు. ఇక్కడ గెడ్డా లేదు గుడ్డా లేదు, కావాలంటే వచ్చి కళ్లారా చూసుకోండి అని మొత్తుకున్నాడు. మీ సంతకం ఉండగా మేం రావడం దేనికి, మీమీద మాకు ఆమాత్రం నమ్మకం లేదా అని వాళ్లు ఆదరంగా జవాబిచ్చారు.

మర్నాడు ఊరుఊరంతా గెడ్డ గట్టున చేరింది. జగన్నాధం చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నగరేశ్వరరావు పద్నాలుగో నంబరు ప్లాటులో నీళ్లలోకి దిగాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన గెడ్డలో దిగడం అదే మొదలు. టేపు పట్టి కొలిస్తే వెడల్పు పదకొండడుగులు తేలింది. గెడ్డ ఉన్నచోటే ఉందని ఆయన నీళ్లలో నించునే రాసుకున్నాడు.

“నీళ్లు సల్లగున్నాయేటి బాబూ?” అని పలకరించింది గట్టుమీంచి తవిటమ్మ.

కాబట్టి పాఠకులారా, కోరల్‌డ్రాని ఆడిపోసుకోకండి. మీ ఊరి చెరువో గెడ్డో మ్యాపులో దారి తప్పితే అర్జీలు పట్టుకుని తిరగకండి. పట్టా పుస్తకాలు చూపించి, చెట్లు చూపించి, మనుషుల్ని చూపించి ఎవరినీ విసిగించకండి. అధికారి కుర్చీ ఎక్కడుందో కనుక్కుని, గీతని అటు వంచండి.