వాగు పక్కకి జరిగిన సంగతి

ఒక పెద్ద అడవి మధ్యలో చిన్న వాగు ఉండేది. దాహమేస్తే తప్ప దాన్నెవరూ పట్టించుకునేవారు కాదు. ఇటు తాగినవాళ్ళు అటు మేసేవాళ్ళు, అటు మేసినవాళ్ళు ఇటొచ్చి పడుకునేవాళ్ళు.

ఆ ఏడు ఇవతలి గట్టున తేనెపట్లు వరసగా ఖాళీ అయిపోయాయి. జంతువులు గోల పెట్టాయి. అధ్యక్షుడు భల్లూకరాయుడు, అంటే ఎలుగుబంటిగారు, మూతి శుభ్రంగా తుడుచుకుని కొండ మీద సభకి వచ్చాడు.

"ఇది అవతలి గట్టువాళ్ళ పని! ఇవాళ్టినుంచి వాగే మన సరిహద్దు. ఇటున్నవాడు మనవాడు, అటున్నవాడు పరాయివాడు. నా ముద్ర వేసిన పత్రం లేకుండా ఎవడూ దాటడానికి వీల్లేదు. సాక్షాత్తూ నేనైనా సరే!"

ఆ చివరి మాటకి చప్పట్లు మోగిపోయాయి.

సరిహద్దు అధికారిగా ఓబులేసు అనే ఉడుముని వేశారు. పట్టుకుంటే వదలని జాతి కదా! జన్మలో మొదటి ఉద్యోగం. ఆ సంబరంలో తల పైకెత్తి నడవబోయి ఓబులేసు రెండుసార్లు బోర్లాపడ్డాడు.

ముందుగా వాగు మధ్య రాతి మీద కూచున్న కప్ప దొరికింది.

"నీదే దేశం?"

"ముందుకాళ్ళు మీ దేశం, వెనక్కాళ్ళు వాళ్ళ దేశం" అంది కప్ప.

"మరి గెంతేటప్పుడు?"

"అప్పుడు ఏ దేశమూ కాదు నాయనా. అందుకే గెంతుతూ ఉంటా."

ఓబులేసు ఆకు మీద 'అనుమానితురాలు' అని గీసుకున్నాడు.

మూడోరోజు అతని భార్య తిరుపాలమ్మ నిండు కడుపుతో, మూట పట్టుకుని గట్టుకొచ్చింది. ఉడుములు గుడ్లు పెట్టేది పుట్టలో. ఆమె పుట్టిల్లు అవతలి గట్టున ఉన్న పుట్టే.

"జరుగయ్యా, కాన్పుకి మా అమ్మ దగ్గరికి పోతుండా."

"పత్రమేదీ?"

"నా కడుపు కనపడలేదా నీకు?"

"కనపడింది. అదే ఇబ్బంది. లోపల ఎన్ని గుడ్లుంటే అన్ని పత్రాలు కావాల."

తిరుపాలమ్మ మూట చంకలో ఇరికించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టిపోయినా బావుండేదనిపించింది ఓబులేసుకి.

ఆ వారమే కుండపోత వాన. సభకొండ ఎక్కి తలదాచుకున్న ఓబులేసు, తెరిపిచ్చాక దిగి చూస్తే వాగు ఉండాల్సిన చోట లేదు. పాత దారి వదిలేసి అరకోసు ఇవతలికి జరిగి పారుతోంది. అధ్యక్షుడి గుహ, ఓబులేసు ఇల్లు రెండూ అవతలి గట్టున తేలాయి.

"నేను అడుగు కదపలేదు. నీ దేశమే నన్నొదిలి పోయింది!" అని తిరుపాలమ్మ అక్కణ్ణుంచి అరిచి, మూట ఊపుకుంటూ పుట్టింటి దారి పట్టింది.

కాసేపటికి భల్లూకరాయుడు వచ్చి నీళ్ళలో కాలు పెట్టాడు.

"ఆగండి! పత్రం?"

"ఒరేయ్, నేనెవరో తెలుసా?"

"తెలుసండీ. పరాయివారు."

"చట్టం చేసింది నేనేరా!"

"చాలా బాగా చేశారండీ."

"అయితే నాకు నేనే ముద్రేసుకుంటా!"

"పరాయి ముద్ర చెల్లదండీ."

"చట్టమే మార్చేస్తా!"

"మార్చాలంటే సభలో మార్చాలండీ. సభేమో ఇటుంది."

భల్లూకరాయుడు రంకె వేసి ముందుకి దూకాడు. ఓబులేసు అతని కాలు పట్టుకున్నాడు. ఆయన అవతలి గట్టు మీద పడి, ఇక దాటనని లబోదిబోమని ఒప్పుకునేదాకా వదల్లేదు.

ఆ నెలలో ఇవతలి పట్లన్నీ నిండిపోయి తేనె కారింది. జంతువులు పొంగిపోయాయి. "చూశారా, సరిహద్దు బిగించేసరికి దొంగతనమే లేదు! ఎంత ముందుచూపు!" అంటూ భల్లూకరాయుణ్ణి మళ్ళీ ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశాయి.

"నన్ను రానివ్వండిరా!" అని ఆయన అవతల గొంతు చించుకుంటుంటే, "పరాయిగడ్డ మీద కూడా మనకోసమే అరుస్తున్నాడు" అని కళ్ళు తుడుచుకున్నాయి.

ఆ జేజేల హోరులో ఓబులేసు తన ఆకుల కట్ట నీళ్ళలోకి వదిలేసి, చడీచప్పుడు లేకుండా వాగులోకి దిగాడు. అవతల పుట్ట దగ్గర తిరుపాలమ్మ గుడ్ల మీద మట్టి కప్పుతోంది. తలెత్తి చూసి, మూతి ముడిచి, పక్కకి జరిగి చోటిచ్చింది. ఓబులేసు కూడా మట్టి తొయ్యడం మొదలుపెట్టాడు.

నీతి: సరిహద్దు గట్టిగా ఉంటే దేశం సుభిక్షంగానే ఉంటుంది, నాయకుడు అవతలి పక్కన ఉన్నంతకాలం.